ఊగినవన్నీ దిద్దిన పిల్ల

ఈ రోజుల్లో డాక్టరు చదువంటే ఒకే పరీక్ష. దేశం మొత్తానికి ఒకే రోజు, ఒకే మార్కుల పద్ధతి. అది సృష్టి మొదటి నుంచీ ఉన్నట్టే మీరంతా మాట్లాడుతుంటే నాకు నవ్వొస్తుంది. మొన్న మా మనవరాలు "అంతకుముందు ఏం చేసేవారు తాతయ్యా?" అని అడిగితే "రైలెక్కేవాళ్లం" అన్నాను. వేళాకోళం అనుకుంది. కాదు, నిజంగానే రైలెక్కేవాళ్లం.

నేను గోపాలపట్నంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పి రిటైరైనవాణ్ణి. కింద మందుల షాపూ టిఫిన్ సెంటరూ, పైన మా కాలేజీ. హైవే మీద లారీ హారన్ కొడితే పాఠం ఆపాలి, కింద పోపు వేస్తే పిల్లలకి ఆకలెయ్యాలి. అలాంటి చోట చదువుకుని డాక్టర్లయినవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు. అందుకే వసతులు లేక చదవలేకపోయానని ఎవరైనా అంటే నేను వెంటనే నమ్మను, ఇంకో రెండు ప్రశ్నలు వేస్తాను.

అప్పట్లో మన రాష్ట్రానికి ఎంసెట్ ఉండేది. దేశం మీద కొన్ని సీట్లకి ఇంకో పరీక్ష. అవి కాక పేరున్న ప్రైవేటు కాలేజీలకి దేని పరీక్ష దానిదే. ఒకటి చెన్నైలో, ఒకటి బెంగళూరులో, ఒకటి మాకెవరికీ పేరు సరిగ్గా పలకడం రాని ఊళ్లో. ఎండాకాలం వస్తే పిల్లల్ని వెంటేసుకుని ఆ ఊళ్లన్నీ తిప్పడం నా పని. స్టాఫ్‌రూంలో నన్ను 'టూరు మాస్టారు' అనేవారు. స్లీపర్ బోగీలో కింద పులిహోర పొట్లాలు విప్పుకుంటూ, పై బెర్తు మీద పుస్తకాలు కప్పుకుని, ఒక ఊళ్లో రాసినదాని ఏడుపు తీరకముందే ఇంకో ఊళ్లో దిగేవాళ్లం. ఒకసారి రెండు పరీక్షలు ఒకే రోజు పడ్డాయి. మా కాలేజీలో కవల పిల్లలున్న ఒక తండ్రి చాలా తెలివిగా ఆలోచించి ఒక్కో పరీక్షకీ ఒకణ్ణి పంపించాడు. ఇద్దరికీ రాలేదు.

ఆ టూర్లకి రైలెక్కేదెవరో నాకు ముందే తెలిసిపోయేది. బ్యాంకు ఉద్యోగుల పిల్లలు, స్టీలు ప్లాంటు క్వార్టర్స్ పిల్లలు, కాంట్రాక్టరు గారి అబ్బాయి. సముద్రం ఒడ్డు పేటల నుంచి వచ్చే పిల్లలు ఎంసెట్ ఒక్కటి రాసి ఇంటికెళ్లిపోయేవారు. ఆడపిల్లలైతే మరీను. ముక్కూమొహం తెలియని మాస్టారి వెంట మూడు రాష్ట్రాలు తిరగమని ఏ తండ్రి పంపుతాడు? నేనైనా పంపను.

అందుకే దేశమంతటికీ ఒకే పరీక్ష అన్న మాట వచ్చినప్పుడు నేను సంతోషించాను. మొదట ఉందన్నారు, తర్వాత లేదన్నారు, కోర్టు ఉందంది, మా రాష్ట్రానికి ఒక్క ఏడాది ఆగమన్నారు, ఆఖరికి ఖాయమైంది. తిట్టినవాళ్లు తక్కువేం కాదు, వాళ్ల మాటల్లో నిజం లేకపోలేదు. ఆ ఒక్క రోజు జ్వరం తగిలిందంటే ఏడాది పోయినట్టే. అయినా అప్పుడూ మెచ్చుకున్నాను, ఇప్పుడూ మెచ్చుకుంటున్నాను. పిల్లలు పరీక్ష కోసం ఊళ్లు తిరగక్కర్లేకుండా పరీక్షే మన ఊరు వచ్చింది. మన మధురవాడలో కూర్చుని రాసిన పిల్ల ఢిల్లీలో రాసిన పిల్లాడితో సమానమే. నా టూరు పని పోయిందని నాకేం బాధ లేదు. ఎండాకాలమంతా నేను ఇంట్లోనే ఉంటానని మా ఆవిడకే కొంచెం దిగులు.

చిక్కు ఇంకోచోట వచ్చింది. ఎంసెట్‌లో తప్పు రాస్తే మార్కు పోదు. కొండకి వెంట్రుక వేసి లాగడమే, వస్తే కొండ, పోతే వెంట్రుక. కాబట్టి ఏదీ ఖాళీ వదలకూడదని నేర్పేవాళ్లం. చివర్లో తెలియనివన్నీ ఒకే అక్షరానికి వరసగా సున్నాలు దిద్దేయడమే. దాన్ని మా కాలేజీలో 'ముగ్గు పెట్టడం' అనేవారు. పిల్లల్లో కొందరు బి భక్తులు, కొందరు సి భక్తులు. ఏ అక్షరం మహిమ గలదని వాళ్ల మధ్య వాదాలు కూడా జరిగేవి.

కొత్త పరీక్షలో ఒప్పుకి నాలుగు మార్కులు, తప్పుకి ఒకటి కోత, వదిలేస్తే సున్నా. ఆ కోత అన్న మాట వినగానే ఊరంతా బెంబేలెత్తిపోయింది. మేనమామలు, పక్కింటివాళ్లు, కోచింగ్ సెంటర్ల కరపత్రాలు, అందరిదీ ఒకటే పాట, తెలియనిది ముట్టుకోవద్దని. అందరికంటే గట్టిగా పాడినవాణ్ణి నేను. నిన్నటిదాకా ముగ్గు పెట్టమన్న నోటితోనే "ముగ్గు పెడితే మునిగిపోతారు" అని క్లాసులో చెప్పాను. నాలుకకి ఎముక లేదుగా.

ఆ ఏడాది మా లాంగ్ టర్మ్ బ్యాచ్‌లో, అంటే ఇంటర్ అయిపోయాక మెడిసిన్ కోసమే మళ్లీ ఏడాది చదివేవాళ్లలో, ఒక పిల్ల ఉండేది. తండ్రి సముద్రం మీద వేటకెళ్లే మనిషి. వాళ్ల పేట నుంచి మా కాలేజీకి రెండు బస్సులు మారి వచ్చేది. అంతకుముందు ఏడాది ఎంసెట్‌లో ప్రభుత్వ సీటు కొంచెంలో తప్పిపోయింది. ఎందుకు తప్పిందో మాకందరికీ తెలుసు. తప్పుకి కోత లేని పరీక్షలో కూడా ఆ పిల్ల ఖాళీలు వదిలేసి వచ్చింది. "ఎందుకు వదిలావే?" అని అప్పుడు తిట్టాను. కొత్త రూలు వచ్చాక అదే పిల్లని లేపి నిలబెట్టి "ఈ అమ్మాయిని చూసి నేర్చుకోండి, తెలియనిది ముట్టుకోదు" అని మెచ్చుకున్నాను. ఆ పిల్ల అప్పుడు తిట్టినప్పుడూ ఇప్పుడు మెచ్చినప్పుడూ ఒకేలా తల దించుకుంది.

ఇంట్లో ఆ పిల్లకిచ్చిన గడువు ఆ ఒక్క ఏడాదే. మేనమామ అచ్యుతాపురంలో ఒక కంపెనీలో సూపర్‌వైజరు. అక్కడ ప్యాకింగ్ సెక్షన్లో మేనకోడలికి పని చూసి పెట్టాడు. ఈసారి సీటు రాకపోతే ఆ కంపెనీ బస్సెక్కాల్సిందే. చెడ్డవాడేం కాదు, ఆ పేటలో నలుగురు పిల్లలకి పని పెట్టించిన మనిషి. మరో ఏడాది ఖాళీగా కూర్చోబెట్టే స్తోమత ఆ ఇంటికి లేదని అతనికి తెలుసు, ఆ పిల్లకీ తెలుసు.

ఇక మా ఫిజిక్స్ మేడం గురించి చెప్పాలి. నా ఉద్యోగ జీవితంలో నేను మనస్ఫూర్తిగా గౌరవించిన మనుషుల్ని లెక్కపెట్టమంటే ఆవిడతోనే మొదలెడతాను. పొట్టి మనిషి, గట్టి గొంతు. ఆదివారం చర్చిలో పాటలు పాడించేది ఆవిడే. మిగతా ఆరు రోజులూ మాకు పాడేది. పిల్లల్ని ఏమే, ఒరే అనేది గానీ ఒక్కరి మీదా చెయ్యెత్తడం నేను చూడలేదు. అబద్ధం ఆడటం ఆవిడకి చేతకాదు. మేనేజ్‌మెంట్ వాళ్లు ఫ్లెక్సీ మీద వేయించిన ర్యాంకుల్లో రెండు మనవి కావని తల్లిదండ్రుల మీటింగులోనే చెప్పేసింది. ఆ నెలంతా ప్రిన్సిపాల్ గారు ఆవిడ ఎదురుపడితే పక్కకి తప్పుకుని వెళ్లారు.

నేను ఆ పిల్లని మెచ్చుకున్న రోజు సాయంత్రం ఆవిడ స్టాఫ్‌రూంలో నన్ను పట్టుకుంది.

"మాస్టారూ, మీరు ఆ పిల్లని ముంచేస్తన్నారు."

"ఏం చేశానమ్మా? కోత పడకుండా చూసుకోమన్నాను."

"పదహారు ప్రశ్నలు కళ్లు మూసుకుని పెట్టండి. నాలుగిట్లో ఒకటి తగిల్తాది కదా, నాలుగు ఒప్పు. పదహారు మార్కులొచ్చీసినాయి. పన్నెండు తప్పు, పన్నెండు కోత. ఇంకా నాలుగు మీ సేతిలో మిగిల్నాయి. కళ్లు మూసుకుంటేనే ఇది. మరి మన పిల్లలు కళ్లు మూసుకుని సదివారేటి?"

ఆ లెక్క చాక్‌పీసుతో బల్ల మీదే వేసి చూపించింది. నేను రెండుసార్లు చూశాను. అందులో తప్పు దొరకలేదు. బోటనీవాణ్ణి, లెక్కల్లో తప్పు పట్టే అలవాటు లేదని తప్పించుకున్నాను.

ఆవిడ మర్నాటి నుంచీ ఒక పద్ధతి మొదలుపెట్టింది. ప్రాక్టీసు పరీక్షలో ప్రతి ప్రశ్న పక్కనా పిల్లలు మూడింట్లో ఒక గుర్తు పెట్టాలి. తెలుసు, ఊగుతోంది, తెలీదు. రెండు జవాబులు కొట్టేసి మిగతా రెండింటి మధ్య ఎటూ తేలకపోతే అది 'ఊగుతోంది'. పరీక్షయ్యాక ఊగినవాటిని మాత్రమే బోర్డు మీద వేసి, దిద్దినవాటిల్లో ఎన్ని తగిలాయో చూసేవారు. కొద్ది రోజుల్లోనే పిల్లలకి ధైర్యం వచ్చింది. ఈ పిల్ల మాత్రం ఊగినవన్నీ బుద్ధిగా గుర్తు పెట్టి, ఒక్కటీ దిద్దకుండా ఇచ్చేసేది. నోటితో చెప్పించి చూస్తే సగం ఒప్పే ఉండేవి.

ఒకరోజు క్లాసయ్యాక మేడం ఆ పిల్లని ఆపింది. నేను అటెండెన్సు కోసం అక్కడే ఉన్నాను.

"ఏటే నీ బాధ? మైనస్‌కి భయమా?"

"భయం కాదు మేడం."

"మరేటి?"

ఆ పిల్ల బెంచీ అంచు గీరుతూ నిలబడింది. "తెలీనిది తెలిసినట్టు దిద్దితే అబద్ధమాడినట్టుంటాది మేడం. మార్కు వచ్చినా అది నాది కాదు కదా. దొంగతనం సేసినట్టుంటాది."

ఇన్నేళ్ల సర్వీసులో నేను ఆ జవాబు వినలేదు. ఖాళీలెందుకు వదిలావంటే టైము చాల్లేదనీ, పెన్ను ఆగిపోయిందనీ చెప్పినవాళ్లే అందరూ. నాకు ఆ పిల్ల మీద జాలేసింది, గౌరవమూ కలిగింది. అబద్ధాలు పడని మేడం ఏం చెబుతుందా అని చూశాను.

ఆవిడ ఆ పిల్ల పక్కన బెంచీ మీద కూర్చుంది. "అబద్ధం కాదే. నీకు పూర్తిగా తెలీదు, నిజమే. కొంచెం తెలుసు, అదీ నిజమే. కొంచెం తెలుసని చెప్పడానికి ఆ కాగితంలో వేరే చోటు లేదు. ఆ సున్నాలో దిద్దడమే. ఖాళీగా వదిలీసినావనుకో, నీకేటీ తెలీదని చెప్పినట్టు. అదే అబద్ధం."

పిల్ల తలూపింది గానీ మరుసటి వారం పరీక్షలో మళ్లీ ఖాళీలే. మాటలతో పోయే అలవాటు కాదని మేడంకి అర్థమైంది. అప్పుడు ఆవిడ చేసిన పనికి మా స్టాఫంతా ఒక నెల ఆవిడ మీద కోపంగా ఉన్నాం.

లెక్చరర్లమందరం పిల్లలతో పాటు కూర్చుని పరీక్ష రాయాలంది. ఎవరి సబ్జెక్టు వాళ్లు కాదు, అన్నీ. మార్కులు నోటీసు బోర్డులో పెట్టాలంది. "పిల్లల్ని తెగించమని మనం సెప్తన్నాం, మనలో ఎవులు తెగించారు?" అని అడిగింది. కెమిస్ట్రీ చెప్పే ప్రిన్సిపాల్ గారు మొదట కుదరదన్నారు. ఆ తర్వాత, ఆయన భయపడుతున్నారని పిల్లలు అనుకుంటున్నారని ఎవరో చెవిలో వేస్తే ఒప్పుకున్నారు. చెవిలో వేసింది ఎవరో నాకు తెలుసు, నేనే.

గోతిలో పడ్డదీ నేనే. ఫిజిక్స్ ప్రశ్నలు చూసేసరికి చెమటలు పట్టాయి. వెనక బెంచీలో నా శిష్యులు, రేపు బోర్డు మీద నా పేరు ఎదురుగా మైనస్. అది తల్చుకుని ఫిజిక్స్ మొత్తం ఒక్కటి కూడా దిద్దకుండా వదిలేశాను. సున్నా వచ్చింది. "మైనస్ మాత్రం రాలేదు చూశారా" అని గొప్పగా కూడా చెప్పుకున్నాను. ప్రిన్సిపాల్ గారు అన్నీ దిద్ది, చూస్తే కళ్లు తిరిగేన్ని తప్పులు చేసి, మార్కుల్లో నాకంటే చాలా పైన నిలిచారు.

మేడం ఆ ప్రశ్నపత్రం పట్టుకుని పిల్లలందరి ముందూ నన్ను అడిగింది. "మాస్టారూ, మీరు స్కూటర్ మీద ఎల్తన్నారు. సడన్‌గా బ్రేక్ ఏస్తే ముందుకి తూల్తారా, ఎనక్కి పడతారా?"

"ముందుకే."

"మరి ఈ ప్రశ్న అదే కదా. ఎందుకు వదిలీసినారు?"

క్లాసు గొల్లుమంది. నేనూ నవ్వాను, నవ్వక చేసేదేముంది? తర్వాత ఆవిడ తన పేపరు బోర్డుకి పిన్ను చేసింది. బోటనీ నిండా ఎర్ర గీతలు. "మొక్కల్లో నాకు తెలిసింది కరివేపాకు, మునగాకు" అంటూ ఒక్కో తప్పూ తనే చదివి వినిపించింది. ఎందుకలా అనుకుందో, ఎక్కడ పొరబడిందో చెప్పింది. అన్ని తప్పులతోనూ స్టాఫులో మొదటి స్థానం ఆవిడదే. ఆ ఎర్ర గీతలన్నీ చదివేదాకా ఆ పిల్ల బోర్డు దగ్గర్నుంచి కదల్లేదు. తర్వాతి వారం పరీక్షలో మొట్టమొదటిసారి ఊగినవాటిలో నాలుగు దిద్దింది. మూడు తప్పు. మేడం ఆ పిల్ల భుజం తట్టింది, మూడు తప్పులకి భుజం తట్టించుకున్నది మా కాలేజీలో ఆ పిల్లొక్కతే.

పరీక్ష ఆదివారం వచ్చింది. సెంటరు మధురవాడ. మేడం ఆ రోజు చర్చి మానేసింది. ఊహ తెలిసిన తర్వాత ఆదివారం ప్రార్థనకి వెళ్లకపోవడం అదే మొదటిసారంది. "పాస్టరు గారికి సెప్పాను. ఆయన కూతురు కూడా రాత్తంది లెండి, ఆయనే త్వరగా ముగించేసి వత్తన్నారు" అంది. పొట్టి చేతుల చొక్కాలు, కాళ్లకి చెప్పులు, పారదర్శకమైన సీసాల్లో నీళ్లు. గేటు దగ్గర తనిఖీ చూస్తే పిల్లలు పరీక్ష రాయడానికి వెళ్తున్నారో విమానమెక్కడానికి వెళ్తున్నారో తెలియలేదు.

ఆ జనంలో నాకు కొత్తగా కనిపించినవాళ్లు ఒడ్డు పేటల తండ్రులు. ఎండాకాలం చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట నిషేధం ఉంటుంది కదా, బోట్లన్నీ కట్టేసి ఉంటాయి. మగవాళ్లంతా ఇంటి దగ్గరే. అందుకని ఒక్కో పిల్లకీ తండ్రి, బాబాయి, మేనమామ, అందరూ వచ్చేశారు. నా రైలు టూర్లలో ఏనాడూ కనబడని మనుషులు వాళ్లు. అపార్ట్‌మెంట్ల తండ్రులు కార్లలో ఏసీ వేసుకుని కూర్చుంటే వీళ్లు ప్రహరీ నీడలో చతికిలబడి, గేటు వైపే చూస్తూ ఉన్నారు. అది చూసి నాకు కడుపు నిండింది. ఒకే పరీక్ష అన్నందుకు ఇంకే ప్రయోజనం లేకపోయినా నాకిది చాలనుకున్నాను.

పరీక్ష అయ్యి పిల్లలు బయటకొచ్చారు. మా పిల్ల చివర్లో వచ్చింది, మొహం పాలిపోయి ఉంది. తండ్రీ మేనమామా ఎదురెళ్లారు. మేడం, నేను వెనకాల.

"ఊగినవి?" అంది మేడం.

"అన్నీ దిద్దీసినాను మేడం. ఆఖర్న అవే మిగిల్చుకున్నాను. ఇన్విజిలేటర్ మేడం నా పక్కకొచ్చి, మైనస్ ఉంటాది పాపా, తెలీనివి వదిలీ అన్నారు. పాపం మంచికే సెప్పారు. నా సెయ్యి ఆగిపోనాది. మళ్లీ, కొంచెం తెలుసండి అనీసి దిద్దీసినాను."

మేనమామ తల పట్టుకున్నాడు. "ఏటే, తెలీనివి కూడా దిద్దీసినావా? కోసీత్తారు మార్కులు. బావా, అయిపోనాది ఇంక."

చుట్టూ ఉన్నవాళ్లంతా అయ్యో అన్నారు. పక్కన ఎవరో ఒకబ్బాయి తాను నలభై వదిలేశానని గర్వంగా చెప్పుకుంటున్నాడు. వాళ్ల నాన్న అతని వీపు తట్టి కారెక్కించాడు. మా పిల్ల తండ్రి కూతురి చేతిలో నీళ్ల సీసా అందుకుని బస్టాపు వైపు నడిచాడు.

ఫలితాలు రావడానికి చాలా రోజులు పట్టింది. మార్కులెన్నొస్తాయో జవాబుల కీ చూసి అంచనా వేశాం. చాలా బాగా కాదు, చెడ్డగానూ కాదు. పాత పరీక్షైతే ఎన్ని మార్కులకి ఎంత ర్యాంకో నేను నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. ఇది కొత్తది, సీట్లు ఏ ర్యాంకు దగ్గర ఆగుతాయో దేవుడికే తెలియాలి. ఈలోగా పిల్ల కాలేజీకి ఫోను చేసింది. అచ్యుతాపురం కంపెనీలో కొత్తవాళ్లని వచ్చే సోమవారం చేర్చుకుంటారట, మళ్లీ ఎప్పుడు పిలుస్తారో తెలీదట, ఇంట్లో పంపించేలా ఉన్నారట.

మేడం, నేను నా స్కూటర్ మీద వాళ్ల పేటకెళ్లాం. తండ్రి ఇసకలో బోటుకి రంగు వేస్తున్నాడు. పక్కన మేనమామ. పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది. మమ్మల్ని చూసి తండ్రి బ్రష్ డబ్బాలో పెట్టి లేచాడు. ఒక ప్లాస్టిక్ కుర్చీ మేడంకి వేశారు, బోల్తా పెట్టిన తొట్టి నాకిచ్చారు.

"నాకు సదువు నేదు బాబూ," అన్నాడు తండ్రి నాతో. "సూటిగా అడుగుతన్నాను. మా గుంటకి సీటు వొత్తాదా?"

నేను "తప్పకుండా వస్తుంది" అనబోయాను. నోటి దాకా వచ్చింది. టూర్లలో ఎంతమంది తల్లిదండ్రులకి చెప్పానో ఆ మాట, బాగా నలిగిన మాట. అంతలో మేడం అందుకుంది.

"నాకు తెలీదు," అంది.

నేను నివ్వెరపోయాను. మేము ఇంత దూరం వచ్చింది ఈ ముక్క చెప్పడానికా అనుకున్నాను.

"రావొచ్చు, రాకపోవొచ్చు. కొత్త పరీక్ష. ఎంతకి ఆగుతాదో నాకే కాదు, ఎవులికీ తెలీదు. పిల్ల మాత్రం సెయ్యాల్సింది సేసింది. నాను చెప్పడానికొచ్చింది అంతే."

మేనమామ గొంతు సవరించుకున్నాడు. "అదే కదా మేడం నానూ సెప్తన్నాను. వొచ్చీదో రానిదో దాన్ని పట్టుకుని ఈ ఉద్యోగం వొదులుకుంటే ఎలాగ? తెలీనివి దిద్దీసింది, ఇంకేటొత్తాది? రాదు, నాకు తెలుసు."

తండ్రి చేతికంటిన నీలం రంగు గోటితో గీకుతూ ఉన్నాడు. ఆ కాసేపూ పిల్ల మొహం చూడలేక నేను సముద్రం వైపు తిరిగాను.

"బావా, నువ్వు రాదని తెలుసంతన్నావ్," అన్నాడు చివరికి. "పేటలో అందరూ తెలుసనే అంతన్నారు. ఆ పరీక్షకి సదువు సెప్పిన ఈవిడేమో తెలీదంతంది. మరింక తేలనట్టే కదా. తేలనిదానికి పిల్లని బస్సెక్కించీడమేటి. ఫలితం వొచ్చీదాకా ఆగుతాం."

మేనమామ మొహం ముడుచుకున్నాడు గానీ లోపలికెళ్లి మాకు టీ తనే తెచ్చాడు. తిరిగొచ్చేటప్పుడు స్కూటర్ మీద నేను మేడంతో అన్నాను, "తప్పకుండా వస్తుందని ఉంటే ఇంకా తేలిగ్గా ఒప్పుకునేవాడు కదమ్మా" అని. "ఒప్పుకునీవోడు కాదు," అంది. "ఆ మాట అతగాడికి అందరూ సెప్పీసుంటారు." నేనూ ఆ అందరిలో వాణ్ణే కాబట్టి స్కూటర్ వేగం పెంచాను.

ఫలితాలొచ్చాయి. తర్వాత రాష్ట్రం ర్యాంకులొచ్చాయి, కౌన్సెలింగ్ జరిగింది. ప్రభుత్వ కాలేజీలో సీటొచ్చింది. జాబితాలో దాదాపు అడుగున, కానీ జాబితాలోనే. నిషేధం అప్పటికే ఎత్తేశారు, తండ్రి సముద్రం మీద ఉన్నాడు. పిల్లని వెంటబెట్టుకుని కాలేజీకి వచ్చింది మేనమామ. స్వీట్ల డబ్బా పట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, సీటు తనకే వచ్చినట్టు ప్రిన్సిపాల్ గారికి చెయ్యి కలిపాడు. స్టాఫ్‌రూంలో అందరం లేచి నిలబడ్డాం. నా సర్వీసులో ఎంతోమందికి సీట్లొచ్చాయి, ఎవరికీ అలా లేచి నిలబడలేదు.

గొడవంతా సద్దుమణిగాక మేడం ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుంది. ఆవిడకి సంతోషమైనా లెక్క తేలాల్సిందే.

"ఆఖర్న ఊగినవి దిద్దినావు కదా. వాటిల్లో ఎన్ని తగిలాయి?"

పిల్ల తల దించుకుని నవ్వింది. ఆ నవ్వు నేను అంతకుముందు చూడలేదు.

"తప్పులే ఎక్కువ మేడం. సగానికి పైనే తప్పు. మిగిల్నవి లెక్కేసి సూసుకున్నాను, అవి నేకపోతే నా ర్యాంకు సీటు దాకా వొచ్చీది కాదు." తనకే నమ్మకం కుదరనట్టు మళ్లీ అంది. "అన్ని తప్పులు సేత్తే గానీ రానేదు మేడం, సీటు."